అల్లుడికి, వేణువు గురించి

సత్యనారాయణపురం, విజయవాడ

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు గుంటూరు నుంచి పంపిన మూడు రికార్డింగులూ విన్నాను. మూడోది రెండుసార్లు విన్నాను. పొద్దున ఏడింటికి ట్యూనర్ యాప్‌లో సరిగ్గా మధ్యలో నిలిచిన షడ్జమం (స) మధ్యాహ్నం రెండింటికి పైకి జరిగిపోయిందని, వేణువు పాడైపోయిందేమోనని అడిగావు. గాంధారం (గ) నుంచి మధ్యమానికి (మ) వెళ్ళేటప్పుడు ప్రతిసారీ తడబడుతున్నానన్నావు. చార్టులో చూపించినట్టే వేళ్ళు పెడుతున్నా స్వరం ఎందుకు కుదరడం లేదని కూడా అడిగావు. మీ అమ్మ పక్కనుంచి "వీడు దీని గురించి తెగ టెన్షన్ పడుతున్నాడు" అంది. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావని ఉత్తరం రాస్తున్నాను. వేణువు చేతిలో పెట్టుకుని చదువు.

నీ వేణువు పాడవలేదు. ముందు ఆ చార్టు సంగతి చూద్దాం, మిగతా రెండు ప్రశ్నలకీ మూలం అక్కడే ఉంది.

హార్మోనియంలో ఒక్కో మెట్టుకి ఒక్కో రీడు ఉంటుంది. మెట్టు నొక్కితే ఆ రీడు పలుకుతుంది. నువ్వు చిన్నప్పుడు కీబోర్డు వాయించావు కాబట్టి వేణువు రంధ్రాన్ని కూడా మెట్టులాగే చూస్తున్నావు. కానీ వేణువు రంధ్రం కింద ఏ స్వరమూ దాక్కుని లేదు. గొట్టంలో ఉన్నది గాలి ఒక్కటే. నీ పెదవుల నుంచి వచ్చే సన్నటి గాలి ధార ఊదే రంధ్రం అవతలి అంచుకి తగిలి, ఒకసారి లోపలికీ ఒకసారి బయటికీ ఊగుతుంది. ఆ ఊపుకి గొట్టంలోని గాలి మొత్తం కదులుతుంది. ఆ గాలి ఎంత పొడవున కదులుతోంది అన్నదే స్వరం. వేలు చేసేదల్లా ఆ పొడవుని మార్చడం.

నువ్వు ఇంజనీరింగు చదువుతున్నావు కాబట్టి లెక్క కూడా చెబుతాను. వేణువు రెండు వైపులా తెరిచిన గొట్టం కిందే లెక్క, ఎందుకంటే ఊదే రంధ్రం కూడా తెరిచే ఉంటుంది. అలాంటి గొట్టంలో పుట్టే అసలు స్వరం తరంగం పొడవు గొట్టం పొడవుకి రెండింతలు. ధ్వని సెకనుకి 346 మీటర్లు వెళుతుందనుకుంటే, 440 హెర్ట్జ్ పలకడానికి దాదాపు 39 సెంటీమీటర్ల గాలి కావాలి. స్కేలు పెట్టి కొలిస్తే నీకు ఆ పొడవు రాదు, కొంచెం తక్కువ వస్తుంది. కదులుతున్న గాలి గొట్టం అంచు దగ్గర ఠక్కున ఆగిపోదు, కొద్దిగా బయటికి కూడా వస్తుంది. గొట్టం చివర ఆ అదనం లోపలి వ్యాసార్ధంలో సుమారు 0.6 వంతు ఉంటుంది. ఊదే రంధ్రం దగ్గర ఇంకా ఎక్కువ, పైగా పెదవి దాన్ని ఎంత కప్పిందో బట్టి అది మారుతుంది.

వేళ్ళ రంధ్రం దగ్గర కూడా ఇదే జరుగుతుంది. రంధ్రం గొట్టం వెడల్పంత పెద్దదైతే గొట్టాన్ని అక్కడ కోసేసినట్టే. చిన్నదైతే గాలి కదలిక అక్కడితో ఆగక ఇంకొంచెం కిందికి పాకుతుంది, స్వరం తగ్గుతుంది. అందుకే తెరిచిన రంధ్రానికి కింద ఏ వేళ్ళు మూసి ఉన్నాయో కూడా ముఖ్యమే. ఇప్పుడే చేసి చూడు. ఊదే వైపు నుంచి మొదటి వేలు మాత్రం మూసి రిషభం (రి) ఊదు. ఊదుతూనే కింద మూడో, నాలుగో రంధ్రాలు మూయి. రెండో రంధ్రం తెరిచే ఉంది, అయినా స్వరం కొంచెం కిందికి దిగింది కదా? తార స్థాయిలో, అంటే పై స్థాయిలో, ఇదే చేస్తే తేడా వేరేలా ఉంటుంది. ధ్వని పైకి వెళ్ళేకొద్దీ తెరిచిన రంధ్రాన్ని దాటి ఇంకా ఎక్కువగా కిందికి చొరబడుతుంది. కాబట్టి మంద్రంలో, అంటే కింది స్థాయిలో, పనికొచ్చిన వేళ్ళ పట్టు తారంలో అచ్చం అలాగే పనికొస్తుందని నమ్మకు. చార్టు వేసినవాళ్ళు వాళ్ళ వేణువుకి, వాళ్ళ ఊపిరికి వేసుకున్నారు. దారి తెలుసుకోవడానికి చూడు, తర్వాత చెవిని అడుగు.

నీ రెండో రికార్డింగులో రిషభం ప్రతిసారీ ఒక పిసరు తక్కువగా ఉంది. నాకు కనిపించకపోయినా కారణం చెప్పగలను. ఎత్తిన వేలుని రంధ్రానికి మరీ దగ్గరగా పెడుతున్నావు. వేగం కోసం వేళ్ళు దగ్గరగా ఉంచాలని ఎవరో చెప్పి ఉంటారు. మాట మంచిదే కానీ, వేలు రంధ్రం మీద గొడుగులా నిలబడితే అది సగం మూసినట్టే, స్వరం దిగిపోతుంది. అర అంగుళమైనా ఎత్తు.

ఇక గాంధారం, మధ్యమం. మన ఎనిమిది రంధ్రాల కర్ణాటక వేణువులో రెండు వేళ్ళు మూస్తే షడ్జమం, ఒకటి మూస్తే రిషభం, అన్నీ తెరిస్తే గాంధారం. అక్కడికి గొట్టం అయిపోయింది! ఇంకా తెరవడానికి రంధ్రం లేదు. మధ్యమానికి ఒక్కసారిగా ఆరు రంధ్రాలు మూయాలి. అంటే అతి పొట్టి గాలి నుంచి చాలా పొడుగు గాలికి దూకుతున్నావు. ఆ పొడుగు గాలి మామూలుగా ఊదితే మంద్ర మధ్యమం పలుకుతుంది. నీకు కావలసినది దానికి ఒక స్థాయి పైన, అంటే ఏడు స్వరాల ఒక చుట్టు పైన, ఉంది. అది రావాలంటే లోపలి గాలి రెండు భాగాలుగా విడిపోయి ఊగాలి. వేళ్ళు ఆ పని చేయలేవు, పెదవులు చేయాలి.

చాలామంది ఇక్కడ బలంగా ఊదుతారు, నువ్వూ అదే చేస్తున్నావు. రికార్డింగులో మధ్యమం ముందు 'ఫూ' అని గాలి చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. కావలసింది గాలి వేగం. అది పెరగడానికి గాలి ఎక్కువ పోయాల్సిన పని లేదు. తోట్లో పైపు మూతిని వేలితో నొక్కితే అదే నీళ్ళు దూరంగా పడతాయి కదా, అలా పెదవుల మధ్య సందు చిన్నది చేసి, పెదవులని రవ్వంత ముందుకి జరుపు. ధార సన్నబడి వేగంగా అంచుని చేరుతుంది, స్వరం పైస్థాయికి ఎక్కుతుంది.

దీనికి ఒక సాధన చెబుతాను. నేను కొన్నేళ్ళు రోజూ తెల్లవారుజామున చేశాను. రేడియోలో భక్తిరంజని మొదలయ్యేలోపు ముగించేవాణ్ణి. ఆరు వేళ్ళూ మూసి ఉంచు, అసలు కదపకు. మెల్లగా ఊదు, మంద్ర మధ్యమం వస్తుంది. పెదవులు బిగించు, మధ్య స్థాయి మధ్యమం. ఇంకా బిగించు, తార షడ్జమం! వేలు ఒక్కటీ కదలకుండానే మధ్యమం మీది పంచమంగా షడ్జమం పలికింది. ఇప్పుడు మామూలు పట్టులో, రెండు వేళ్ళు మూసి, తార షడ్జమం ఊదు. రెండూ కలిస్తే నీ వేణువు రంధ్రాలూ, నీ పెదవీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నట్టు. కలవకపోతే ముందు పెదవిని అనుమానించు. పది రోజులు చేసినా కలవకపోతే అప్పుడు వేణువుని అనుమానిద్దాం. ఈ ఒక్క సాధన నెల రోజులు వదలకుండా చెయ్యి, మిగతావి ఏమీ చేయకపోయినా ఫరవాలేదు.

మంద్రంలో ఊదుతుంటే స్వరం నీ ప్రమేయం లేకుండా కీచుమని పైకి దూకుతోందన్నావు. దానికి ఊపిరిని తిట్టుకోకు. ఏదో ఒక వేలి కింద వెంట్రుకవాసి సందు ఉంది. ఆ సందులోంచి గాలి కారితే కింది స్థాయి నిలబడదు, పై స్థాయికి అది అంతగా అడ్డు రాదు, అందుకే స్వరం అటు జారిపోతుంది. సాధారణంగా ఉంగరం వేలే దోషి. వేలి కొసతో మూయాలని చూడకు, మెత్తటి భాగం ఆనించు. మాలి అని అందరూ పిలుచుకునే వేణు విద్వాంసుడు టి.ఆర్. మహాలింగం (1926–1986) వేళ్ళని చాచి, చిలక కొమ్మని పట్టుకున్నట్టు పట్టుకునేవారు. గమకాలకి, అంటే స్వరాన్ని ఊపి పలికించడానికి, ఆ పట్టు ఎంత హాయిగా ఉంటుందో చేతికి అలవాటైతేగానీ తెలియదు. నొక్కకు, ఆనించు. నొక్కితే వేలు బిగుసుకుని సందు ఇంకా పెరుగుతుంది.

సగం రంధ్రాల గురించి, అంటే రంధ్రాన్ని కొంతే తెరిచి పలికించే స్వరాల గురించి, తొందరపడకు. రెండు వేళ్ళు షడ్జమం, ఒకటి రిషభం అయితే, మాయామాళవగౌళ రాగంలోని శుద్ధ రిషభానికి, అంటే ఇంకాస్త కిందుండే రిషభానికి, రెండో వేలు రంధ్రాన్ని కొద్దిగానే తెరవాలి. సగం తెరిస్తే స్వరం సగం దూరం ఎక్కుతుందనుకుంటావు, అలా జరగదు. మొదటి కాస్త సందుకే స్వరం చాలా దూరం ఎక్కేస్తుంది, ఆ తర్వాత ఎంత తెరిచినా కొంచెం కొంచెమే. అందుకే నా దగ్గరికి వచ్చిన పిల్లలకి ముందు హరికాంభోజి రాగం స్వరాలు దిద్దించాను. అవి ఈ వేణువు మీద పూర్తి రంధ్రాలతోనే పలుకుతాయి. చెవి నిలబడ్డాక మాయామాళవగౌళకి వెళ్ళాం. నీకూ అదే నా సలహా.

ఇప్పుడు మధ్యాహ్నం సంగతి. వేడి గాలిలో ధ్వని వేగంగా వెళుతుంది. 25 డిగ్రీల దగ్గర సెకనుకి 346 మీటర్లు ఉన్నది 40 డిగ్రీలకి దాదాపు 355 అవుతుంది. గొట్టం పొడవు మారలేదు, వేగం పెరిగింది, కాబట్టి 440 పలికే వేణువు 451 దగ్గర పలుకుతుంది. పక్క స్వరస్థానం 466 దగ్గర ఉంటుంది. అంటే దాదాపు సగం దూరం జరిగిపోయింది. లోపల మన ఊపిరి వెచ్చదనం కూడా కలుస్తుంది కాబట్టి నిజంగా వచ్చే తేడా ఇంతకన్నా తక్కువ, కానీ చెవికి తెలుస్తుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊళ్ళు మనవి. మధ్యాహ్నం నీ షడ్జమం పైకి జరగకపోతేనే ఆశ్చర్యపోవాలి.

దీనికి తిరగబడ్డ సంగతి నాకు జరిగింది. ముప్పై ఏళ్ళ కిందట ధనుర్మాసంలో కృష్ణ ఒడ్డున ఒక గుళ్ళో తెల్లవారుజామున కచేరీ. చలి గాలి. వేణువు సంచిలోంచి తీసి నేరుగా మొదలుపెట్టాను. శ్రుతిపెట్టె స్వరం ఉన్న చోటే ఉంది, నా షడ్జమం దానికి కింద పలుకుతోంది. పైకి లాగాలని బలంగా ఊదాను. బలంగా ఊదితే స్వరం కొంచెం ఎక్కే మాట నిజమే, కానీ తార స్థాయి మొత్తం కీచుగా మారింది. మొదట వాయించే వర్ణం అయ్యేసరికే ఊపిరి అయిపోయింది. ఆ రోజు వయొలిన్ వాయించిన పెద్దాయన కచేరీ అయ్యాక నెమ్మదిగా ఒక మాట అన్నారు: "ముందు పది నిమిషాలు అన్ని రంధ్రాలూ మూసి దానికి ఊపిరి పట్టించి ఉండాల్సింది నాయనా." అప్పటినుంచి వేణువుని వెచ్చబెట్టకుండా శ్రుతి చూడను.

నువ్వూ అంతే చెయ్యి. పది నిమిషాలు ఊదాక అప్పుడు యాప్ తెరువు. తేడా ఉంటే వేణువుని వేళ్ళ మధ్య రవ్వంత లోపలికి దొర్లించు, పెదవి రంధ్రాన్ని ఇంకొంచెం కప్పి స్వరం దిగుతుంది. బయటికి దొర్లిస్తే ఎక్కుతుంది. ముల్లు కదలడం చూస్తూ కాదు, తంబూర వింటూ దొర్లించు. షడ్జమం తంబూరలో కలిసిన క్షణం చెవిలో ఒక అలజడి ఆగిపోతుంది. అది ఒకసారి తెలిస్తే యాప్ అవసరం తగ్గిపోతుంది.

రంధ్రాన్ని ఆకురాయితో పెద్దది చేయొచ్చా అని అడిగావు. వద్దు. పెద్దది చేస్తే స్వరం ఎక్కుతుంది, మళ్ళీ దించడం కష్టం. ఎక్కువున్న రంధ్రానికి ఊదే వైపు అంచున లోపల చిటికెడు తేనెమైనం అంటిస్తే దిగుతుంది, నచ్చకపోతే గోటితో తీసేయొచ్చు. మూత వైపు కార్కుని పుల్లతో పొడిచి జరపకు. ఊదే రంధ్రం నుంచి అది ఉండే దూరం సుమారు గొట్టం లోపలి వెడల్పంత, అది తప్పితే మంద్ర, తార స్థాయిల మధ్య పొందిక చెడుతుంది. బావగారి కారులో ఎండలో వేణువు వదిలిపెట్టకు, వెదురు చీలుతుంది.

వచ్చే ఆదివారం ప్యాసింజరు ఎక్కి రా. వచ్చేటప్పుడు ఆ వేణువుతో పాటు, పాతది ఏదో అటక మీద ఉందన్నావు, అది కూడా తీసుకురా. మధ్యాహ్నం రెండింటికే కూర్చుందాం, ఫ్యాన్ ఆపి.

మీ మావయ్య