హైదరాబాద్ నుంచి డాలస్: టికెట్ మీద కనిపించని గంటలు

"అమ్మానాన్నలు హైదరాబాద్‌లో ఉదయం 10 గంటలకు బయలుదేరి అదే రోజు రాత్రి 11:30కి డాలస్‌లో దిగుతారని టికెట్‌లో ఉంది. అంటే ప్రయాణం పదమూడున్నర గంటలేనా?" కొత్తగా అమెరికాలోని డాలస్‌కు వచ్చిన పిల్లలు తరచూ అడిగే సందేహమిది.

కాదమ్మా, అది పూర్తిగా 24 గంటల ప్రయాణం. టికెట్ మీద ఏ ఊరి వేళ ఆ ఊరిదే వేస్తారు. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు డాలస్ హైదరాబాద్ కంటే పదిన్నర గంటలు వెనక, మిగతా నెలల్లో పదకొండున్నర. పై టికెట్ పదిన్నర గంటల తేడా ఉన్న రోజులది: పదమూడున్నరకు పదిన్నర కలిపితే 24. తిరుగు ప్రయాణం అదే 24 గంటలైనా, ఆ రోజుల్లోనే డాలస్‌లో ఉదయం 10కి ఎక్కితే హైదరాబాద్‌లో దిగేది మర్నాడు రాత్రి 8:30కి.

గ్లోబు మీద రెండు ఊళ్లకూ దారం పట్టి చూడండి, అది ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోతుంది. ఆ లెక్కన దూరం సుమారు 14,400 కిలోమీటర్లు. ఆగకుండా వచ్చే విమానం లేదు కాబట్టి దుబాయ్ మీదుగా వస్తే దాదాపు 15,500. అందులో దుబాయ్ దాకా నాలుగు గంటలు, అక్కడినుంచి డాలస్‌కు సుమారు 16 గంటలు. తిరిగి వెళ్లేటప్పుడు పడమటి గాలులు తోడవుతాయి కనుక డాలస్ నుంచి దుబాయ్ విమానంలో గంటకు పైగా కలిసొస్తుంది.

టికెట్ కొనేటప్పుడు కిలోమీటర్ల తేడా పట్టించుకోకండి. చూడవలసింది మధ్యలో ఆగే సమయం. పెద్దవాళ్లకు మూడు నాలుగు గంటలైతే హాయి. గంటన్నర వ్యవధి ఉన్న టికెట్ చవకగా వస్తోందని తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. మొదటి విమానం కాస్త ఆలస్యమైతే భాష రాని చోట వాళ్ల కంగారు చెప్పనలవి కాదు. న్యూయార్క్, షికాగోల మీదుగా అయితే ఇంకా ఎక్కువ వ్యవధి కావాలి. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్ తనిఖీ, సామాను అక్కడే తీసుకుని మళ్లీ అప్పగించాలి. దుబాయ్ నుంచి నేరుగా డాలస్ వస్తే ఆ పనంతా మీరు ఎదురుచూసే ఊళ్లోనే అయిపోతుంది. పది డాలర్లో వందో ఎక్కువైనా నా ఓటు దానికే. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండాలి. అలా ఉంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినా, మరో విమానంలో చోటు చూపే బాధ్యత ఎయిర్‌లైన్స్‌దే.

వీల్‌చెయిర్ కావాలని టికెట్ కొన్నప్పుడే అడగండి. ఎంత నడవగలిగినవారికైనా ఆ పెద్ద విమానాశ్రయాల్లో గేటు నుంచి గేటుకు దారి చూపే మనిషి దొరకడమే పెద్ద అండ.

మందులు చేతిసంచిలోనే ఉండాలి. ఇన్సులిన్ తీసుకునేవారైతే బయలుదేరే ముందే డాక్టరును అడిగి, ఏ మోతాదు ఎప్పుడు వేసుకోవాలో హైదరాబాద్ టైము ప్రకారం, డాలస్ టైము ప్రకారం పక్కపక్కనే తెలుగులో కాగితం మీద రాసి ఇవ్వండి.