హెడ్‌లైట్ బల్బు తాగే కరెంటుతో ఇంజన్ పవర్ పెరగదు

తక్కువ ధరకు దొరికే ఎలక్ట్రిక్ సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) బిగిస్తే కారు పవర్ నిజంగా పెరుగుతుందా అని అడిగారు.

పెరగదు. కొని, బిగించి, కొలిచి చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

నాది 1.2 లీటర్ల పెట్రోల్ కారు, పదేళ్ళ బండి. ఎత్తు ఎక్కేటప్పుడు మూడో గేరులో లాగలేక ప్రతిసారీ రెండో గేరుకు దిగాల్సి వచ్చేది. ఆ చిరాకులో ఉండగా ఈ వస్తువు కంటపడింది. అరచేతిలో పట్టేంత అల్యూమినియం గొట్టం, లోపల ప్లాస్టిక్ రెక్కల ఫ్యాన్, రెండు వైర్లు, అంతే. ఎయిర్ ఫిల్టరుకూ థ్రాటిల్‌కూ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) మధ్య ఉండే రబ్బరు గొట్టంలో దీన్ని బిగించాలి. మొదటి రోజు స్విచ్ వేయగానే గుయ్‌మని మోత. ఆ మోత వింటూ యాక్సిలరేటర్ తొక్కితే బండి దూసుకుపోతున్నట్టే అనిపించింది. వారం రోజులు నమ్మాను కూడా.

ఫ్యూజు చూశాకే అనుమానం మొదలైంది. వైరు మధ్యలో ఉన్నది 5 ఆంపియర్ల ఫ్యూజు. కారు బ్యాటరీ 12 వోల్టులు. గుణిస్తే 60 వాట్లు. మామూలు హెచ్4 హెడ్‌లైట్ బల్బు హై బీమ్‌లో తాగేది కూడా సరిగ్గా అంతే. మా తమ్ముడికి చెబితే, "అనిపించడంతో పనేంటి అన్నయ్యా, కొలిచేద్దాం" అన్నాడు.

రెండు మీటర్ల సన్నటి ప్లాస్టిక్ పైపు, లోపలిది బయటికి కనిపించే రకం, తెచ్చి మధ్యకు వంచి ఒక చెక్కకు నిలువుగా కట్టాం. సగం దాకా సిరా కలిపిన నీళ్ళు పోశాం. ఒక కొసను ఫ్యాన్ దాటాక, థ్రాటిల్‌కు ముందు, గొట్టంలోకి దూర్చాం. రెండో కొసను గాలికి వదిలేశాం. మీరూ చేసి చూడాలనుకుంటే ఒక్క జాగ్రత్త: థ్రాటిల్ దాటిన చోట మాత్రం పెట్టకండి. ఇంజన్ అక్కడ లాగే ఊపుకు నీళ్ళు లోపలికి పోతాయి.

ఇంజన్ ఆపి ఫ్యాన్ ఒక్కటే తిప్పితే రెండు వైపుల మట్టాలకు 2 సెంటీమీటర్ల తేడా వచ్చింది. గాలి నెడుతున్నట్టే లెక్క. తర్వాత ఖాళీ రోడ్డు మీదికి తీసుకెళ్ళాం. నేను నడుపుతుంటే తమ్ముడు పక్క సీట్లో చెక్కను నిటారుగా పట్టుకున్నాడు. మూడో గేరులో పెడల్ పూర్తిగా తొక్కాను. ఇంజన్ వేగం చూపే ముల్లు 5,500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గరికి వచ్చేసరికి, "అన్నయ్యా, నీళ్ళు తిరగబడ్డాయి!" అని అరిచాడు. ఇంజన్ వైపు మట్టం పైకి, గాలి వైపు మట్టం కిందికి, మధ్యలో 22 సెంటీమీటర్ల తేడా. అంటే ఫ్యాన్ నెట్టడం లేదు, ఇంజనే ఫ్యాన్‌ను దాటుకుని గాలి లాక్కుంటోంది. ఫ్యాన్ తీసేసి పాత రబ్బరు గొట్టం పెట్టి అదే రోడ్డు మీద మళ్ళీ చూశాం. తేడా 13 సెంటీమీటర్లకు తగ్గింది. పవర్ పెంచుతుందని పెట్టుకున్నది గాలికి అడ్డం నిలబడింది!

నిజమైన సూపర్‌చార్జర్ 0.3 బార్ ఒత్తిడి మాత్రమే ఇచ్చినా అలాంటి పైపులో నీళ్ళకు 3 మీటర్ల తేడా రావాలి. మనకు వచ్చినవి 2 సెంటీమీటర్లు, అదీ ఇంజన్ ఆపినప్పుడు. 1.2 లీటర్ల ఇంజన్ 6,000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు దాదాపు 60 లీటర్ల గాలి తాగుతుంది. 20 లీటర్ల బకెట్లు మూడు అనుకోండి, ఒక్క సెకనులో. అంత గాలిని 0.3 బార్ మేర నొక్కాలంటే రెండు మూడు కిలోవాట్లు కావాలి. 12 వోల్టుల మీద అది దాదాపు 200 ఆంపియర్లు. చిన్న కారులో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ అంత ఇవ్వలేదు. పెట్టె మీద నిమిషానికి ఇన్ని ఘనపుటడుగులు అని రాస్తారు చూశారూ, ఆ లెక్క ఎదురు ఏమీ లేనప్పటిది. టేబుల్ ఫ్యాన్ కూడా గదినిండా గాలి విసురుతుంది. దాంతో టైరులో గాలి కొట్టగలమా?

ఎలక్ట్రిక్ కంప్రెసర్ అనేదే అబద్ధం కాదు. ఆడి 2016లో ఎస్‌క్యూ7 డీజిల్‌లో పెట్టింది. 7 కిలోవాట్ల మోటారు అది, పావు సెకనులో 70,000 ఆర్‌పీఎం అందుకుంటుంది. దానికోసమే కారులో విడిగా 48 వోల్టుల ఏర్పాటు, విడిగా లిథియం బ్యాటరీ. ఇంతా చేసి అది టర్బోలు (పొగ ఊపుతో తిరిగి గాలి నెట్టేవి) అందుకునే లోపు కాసేపు సాయపడటానికే. దానికీ మన 60 వాట్ల ఫ్యాన్‌కూ ఒకే పేరు పెట్టి అమ్మడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పెట్రోల్ పైపుకు కట్టే అయస్కాంతాలూ, టెంపరేచర్ సెన్సర్‌ను ఏమార్చే రెసిస్టర్‌కు పవర్ చిప్ అని పేరు పెట్టి అమ్మేవీ ఇదే కోవ. ఈ ఫ్యాన్ అయితే ఇంకా ప్రమాదం. ఫిల్టరు దాటిన చోట ఉంటుంది కాబట్టి ప్లాస్టిక్ రెక్క విరిగితే ఇంజన్‌లోకి పోకుండా దాన్ని ఆపేది ఏమీ లేదు.

ఇంతకీ నా బండి ఎందుకు లాగలేదో చెప్పాలి. ఫ్యాన్ తీసేసిన రోజు బండి ఆపి దిగితే ముందు ఎడమ చక్రం దగ్గర కాలిన వాసన వచ్చింది. రిమ్ము దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి. కుడి చక్రం మాత్రం గోరువెచ్చగా ఉంది. జాకీ ఎత్తి తిప్పితే ఎడమ చక్రం సగం చుట్టు కూడా తిరగలేదు. బ్రేక్ ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ పిన్ను తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఎన్ని నెలలుగా బ్రేక్ పట్టుకునే బండి నడిచిందో ఏమో. పిన్ను శుభ్రం చేసి గ్రీజు రాసి, ప్యాడ్లు మార్పించాను. అదే ఎత్తు ఇప్పుడు మూడో గేరులోనే ఎక్కుతోంది.

కాబట్టి మీ బండి బరువుగా అనిపిస్తుంటే ముందు ఒక పని చేయండి. కాసేపు నడిపి, బ్రేక్ ఎక్కువ వాడకుండా ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి దూరంగా పెట్టి వేడి చూడండి. తర్వాత టైర్లలో గాలి చూడండి. ఎయిర్ ఫిల్టరు విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. వెలుతురు కనిపించకపోతే మార్చేయండి. ఆ తర్వాతా తేడా లేకపోతే స్పార్క్ ప్లగ్గులు ఎలా ఉన్నాయో రాయండి, చూద్దాం.