పడడం నేర్చుకున్న చదువు

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. ఇంటర్ అయిపోయింది. రోజూ పెన్న ఇసుకలో పల్టీలు కొడుతూ, హైదరాబాద్ వెళ్లి సినిమా ఫైటర్‌ని అవుతానంటున్నాడు. పంపమంటారా?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, నేనూ కడప జిల్లా నుంచే వెళ్లి 22 ఏళ్లు ఫైటర్‌గా, డూప్‌గా పనిచేసినవాణ్ని. ఈ ప్రశ్న అడగడానికి మా అమ్మకు ఎవరూ దొరకలేదు. హీరో దెబ్బకు గాలిలోకి లేచి పడేవాడు ఫైటర్, హీరో దుస్తులు వేసుకుని ఆయనకు బదులు దూకేవాడు డూప్, ఇద్దరినీ నడిపించేవాడు ఫైట్ మాస్టర్. ఫైటర్ల సంఘం కార్డు లేనిదే పెద్ద చిత్రాల్లో పని దొరకడం కష్టం. దొరికినా నెలజీతం ఉండదు, పిలుపు వచ్చిన రోజుకే కూలి. ఉమ్మడి ప్రకాశం జిల్లా నుంచి వెళ్లిన రామ్-లక్ష్మణ్ సోదరులు ఫైటర్లుగా మొదలై అగ్రశ్రేణి మాస్టర్లయ్యారు గాని, అది అందరికీ దక్కేది కాదు. నలభై దాటేసరికి నడుమో మోకాలో మొరాయిస్తుంది.

ఇసుకలో పల్టీ కొడితే దెబ్బ తగలదు. అందుకే ఇసుక పడడం నేర్పదు. గడ్డాన్ని రొమ్ముకు ఆనించి, భుజం మీదుగా దొర్లి, దెబ్బను ఒక్క ఎముక మీద పడనీయక వీపంతటికీ పంచడం గురువు దగ్గర, ముందు పరుపు మీద, తర్వాత గట్టి నేల మీద నేర్చుకోవలసిన పని.

ఎత్తు నుంచి దూకేవాడి కింద ఏముంటుందో ప్రేక్షకులకు కనబడదు. ఎయిర్‌బ్యాగులు, అంటే గాలి నింపిన పెద్ద పరుపులు, రాకముందు ఖాళీ అట్టపెట్టెలను వరుస మీద వరుసగా పేర్చి, చెదరకుండా చుట్టూ తాడు కట్టి, పైన పరుపులు పరిచేవారు. మనిషి పడగానే పెట్టెలు నలుగుతాయి, ఆ నలగడంలోనే అతని వేగాన్ని మింగేస్తాయి. కాబట్టి ఒకసారి నలిగిన పెట్టె రెండో టేక్‌కు పనికిరాదు. ఒక చిత్రీకరణలో వెలుతురు పోతోందన్న తొందరలో పై వరుస మాత్రమే మార్చారు. కింది వరుసలు నలిగే ఉన్నాయని నేను చూశాను. పిరికివాడనుకుంటారని నోరు మెదపకుండా దూకాను. ఆనాటి నుంచి నా ఎడమ మోకాలు పూర్తిగా మడవదు. తప్పు వాళ్లదేనని చాలా ఏళ్లు చెప్పుకుంటూ వచ్చాను గాని, అందులో సగం నాదే.

మీ అబ్బాయి ఎన్ని పల్టీలు కొడతాడన్నది నేను అడగను. వందమంది ఎదురుచూస్తుండగా "ఆగండి, పెట్టెలు మార్చండి" అనగలడా, అది కనుక్కోండి. అనగలడనిపిస్తే ఈత, డ్రైవింగ్ నేర్పించి, చేతిలో ఒక డిగ్రీ కూడా ఉండేలా చూసి పంపండి.

ప్రశ్న: కొండారెడ్డి బురుజు దగ్గర చిత్రీకరణ చూశాను. అద్దం పగలగొట్టుకుని వచ్చిన మనిషికి గీత కూడా పడలేదు. అదెలా? సుమోలు ఎలా ఎగురుతాయి?
– విద్యార్థి, కర్నూలు

జవాబు: మీరు చూసింది బహుశా నిజమైన అద్దం కాదు. పూర్వం పంచదార పాకం కాచి పలకలుగా పోసేవారు, తర్వాత రెజిన్ అనే ప్లాస్టిక్‌లాంటి పదార్థం వచ్చింది. ఇక సుమోల సంగతి: 1999 తర్వాత వరుసకట్టిన ఫ్యాక్షన్ చిత్రాల పుణ్యమా అని, మన రోడ్ల మీద తిరిగినవాటికంటే తెర మీద పేలినవే ఎక్కువేమో అనిపిస్తుంది. ఒక పక్క చక్రాలు మాత్రమే ఇనుప ర్యాంపు ఎక్కేలా వేగంగా నడిపితే బండి పల్టీ కొడుతుంది. లేదంటే అడుగున ఒక గొట్టం బిగించి, నైట్రోజన్ ఒత్తిడితో అందులోని దిమ్మెను నేలకేసి కొట్టిస్తారు. లోపల ఇనుప గొట్టాల పంజరం, భుజాల మీదుగా బెల్టులు, ట్యాంకులో కొద్దిపాటి ఇంధనం ఉండాలి. ఇది ఆటగా కనబడుతుంది గాని, 2025 జులైలో నాగపట్నం జిల్లాలో ఒక తమిళ చిత్రం కోసం కారును పల్టీ కొట్టించిన అనుభవజ్ఞుడైన కళాకారుడు ప్రాణాలు కోల్పోయాడు.

ప్రశ్న: స్టంట్లకు జాతీయ పురస్కారం ఉందా?
– పాఠకుడు, కడప

జవాబు: ఉంది, కాని ఆలస్యంగా వచ్చింది. 2016 చిత్రాలతో మొదలై, తొలిసారి పీటర్ హెయిన్‌కు దక్కింది. అది మాస్టర్‌కు ఇచ్చేది, కింద పడినవాడికి కాదు.

ప్రశ్న: నేను జూడో నేర్చుకుంటున్నాను. ఆడపిల్లలకు ఈ రంగంలో చోటుందా?
– డిగ్రీ విద్యార్థిని, అనంతపురం

జవాబు: ఉంది తల్లీ. 1975లో వచ్చిన "షోలే"లో హేమమాలినికి డూప్‌గా టాంగా (గుర్రబ్బండి) తోలినది రేష్మా పఠాన్. అయినా హీరోయిన్‌కు బదులు మగవాడికి విగ్గు పెట్టి దూకించే అలవాటు చాలాకాలం సాగింది. నేనూ రెండుసార్లు జడ వేసుకున్నాను. జూడోలో మొదట నేర్పేది పడడమే గనుక, ప్రొద్దుటూరు అబ్బాయికంటే మీరు ఒక మెట్టు పైనే ఉన్నారు. పిలుపు వచ్చినప్పుడు డబ్బు సంగతి మాట్లాడే ముందు, ఆ రోజు వేసుకోవలసిన దుస్తులేమిటో అడగండి. మోకాలికీ మోచేతికీ ప్యాడ్లు పెట్టుకోవడానికి హీరో ప్యాంటులో, కోటులో చోటుంటుంది. హీరోయిన్ వేసుకునే పొట్టి గౌనులో ఆ చోటు ఉండదు.