స్కాగ్వే నది గట్టు కాస్తున్న ఇంజన్లు

"అలాస్కాలో వైట్ పాస్ కొండ రైలెక్కితే దారి పక్కన పాత ఆవిరి ఇంజన్లు తుప్పు పట్టి కనిపిస్తాయట. వాటినెందుకు అలా పడేశారు? వాటి కోసం అంత టికెట్ పెట్టి వెళ్లొచ్చా?" అని అడిగారు. వెళ్లొచ్చు. తప్పకుండా వెళ్లండి. మంచు కొండలూ జలపాతాలూ ఎలాగూ ఉంటాయి, ఎవర్ని అడిగినా వాటి గురించే చెబుతారు. నా మటుకు నాకు ఆ తుప్పు ఇనుము చూసినందుకే టికెట్ డబ్బులు చెల్లిపోయాయి.

ఎందుకు పడేశారంటే, నది కోసం. ఈ రైలు బయల్దేరే స్కాగ్వే ఊరు రెండు కొండల మధ్య సన్నటి పట్టీ లాంటి నేల మీద ఉంది. ఊరు, రైలు పట్టాలు, నది, మూడూ అందులోనే సర్దుకోవాలి. పైనున్న మంచు కరిగినప్పుడు ఆ నది ఉధృతంగా వచ్చి గట్టు కోసేస్తుంది. మన దగ్గర కరకట్ట కోతకు గురైతే బండరాళ్లు, ఇసుక బస్తాలు తెచ్చి వేస్తాం కదా, అక్కడ రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక అరిగిపోయిన ఇంజన్లను తెచ్చి గట్టున వేశారు. ఆ ఊళ్లో తుక్కు అమ్మాలంటే ఓడకెక్కించి పంపాలి. ఓడ కిరాయి పోను ఏం మిగులుతుంది? నా లెక్కలో వాళ్లు చేసింది తెలివైన పనే. తర్వాతి కాలంలో కొన్నిటిని మళ్లీ బయటికి లాగారు కూడా.

ఆ ఇంజన్లు అంతగా అరగడానికి కారణం సైన్యం. 1942లో అలాస్కా హైవే వేయడం మొదలైంది. ఆ సామానంతా మోయడానికి అమెరికా సైన్యం ఈ రైలు మార్గాన్ని అద్దెకు తీసుకుని 1946 దాకా నడిపింది. బంగారం కోసం జనం ఎగబడ్డ కాలంలో, 1898లో మొదలుపెట్టి 1900లో పూర్తి చేసిన చిన్న లైను ఇది. పట్టాల మధ్య వెడల్పు 3 అడుగులు. స్కాగ్వే నుంచి కెనడాలోని వైట్ హార్స్ దాకా 177 కిలోమీటర్లు. సముద్రం ఒడ్డున బయల్దేరి 20 మైళ్లలో 2,865 అడుగులు ఎక్కాలి. అలాంటి దారి మీద చలికాలం, మంచు అని చూడకుండా యుద్ధ సామాను లాగించారు. ఉన్నవి చాలక సైన్యం తనవి ఇంకో 11 ఇంజన్లు తెప్పించింది. వాటి సంగతి కిందికి వచ్చాక చెప్తాను.

నేను ఇంత గట్టిగా మాట్లాడుతున్నానంటే మా నాయన వల్ల. మాది గుంతకల్లు. ఆయన మీటర్ గేజ్ లోకో షెడ్డులో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యారు. అమ్మానాయనలు అమెరికా వచ్చినప్పుడు అందరిలాగే మేమూ అలాస్కా క్రూజ్ వేసుకున్నాం. ఓడలో ఉన్నన్ని రోజులూ ఆయన దేనికీ పెద్దగా స్పందించలేదు. గ్లేసియర్ చూపిస్తే "బాగుంది" అన్నారు. తిమింగలం చూపిస్తే "ఊ" అన్నారు. రైలెక్కాక మాత్రం సీట్లో కూర్చోలేదు. ఆ పెట్టెలకు చివర్న బయట నిలబడేందుకు చిన్న వేదిక ఉంటుంది, స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని అక్కడికి వెళ్లి కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. నేనూ పక్కనే నిలబడ్డాను.

ఊరు దాటుతుండగా ఇంజన్ కనిపించింది. ఎర్రటి తుప్పు, చుట్టూ చెట్లు. నాకు పెద్ద పీపా లాగా కనిపించిందంతే. నాయన నా భుజం పట్టుకుని లాగారు. "అబ్బయ్యా, ఆ వెనక భాగం జూడు, అది ఫైర్‌బాక్సు, నిప్పు మండే చోటు. దాని మీద వరసగా బొడిపెలున్నాయే, అవి స్టే బోల్టులు. లోపలి రేకు ఉబ్బకుండా పట్టుకునేది అవే" అన్నారు. అప్పుడు చూస్తే నిజంగానే, అంత తుప్పులోనూ అడ్డంగా నిలువుగా గీత గీసినట్టు బోల్టు తలలు. ఒక్కోదాన్ని ఒక మనిషి సుత్తితో కొట్టి బిగించాడని, షెడ్డులో తాను అదే పని ఏళ్ల తరబడి చేశానని, విరిగిన బోల్టును చప్పుడును బట్టే పట్టేవాళ్లమని గబగబా చెప్పుకొచ్చారు. "ఇత్తడంతా పీకేసినారు. ఇంజెక్టర్ లేదు, విజిల్ లేదు, గేజీలు లేవు. తీయాల్సింది తీసుకునే పారేసినారు" అన్నారు. అంతలోనే అది వెనక్కి వెళ్లిపోయింది. రైలు నెమ్మదిగా పోతుంది కాబట్టి ఆ మాత్రమైనా చూడగలిగాం.

ఇక్కడ నా ఫిర్యాదు ఒకటి. మైకులో వ్యాఖ్యానం ఆగకుండా వస్తూనే ఉంది. బంగారం, మోసగాళ్లు, చచ్చిన గుర్రాలు. అవన్నీ చెప్పాల్సినవే. ఆ దారిలో 3,000 దాకా మూగజీవాలు చనిపోయాయంటే వినడానికే కష్టంగా ఉంటుంది. పేలుడులో 100 టన్నుల బండ కింద పడి ఇద్దరు కూలీలు చనిపోయిన చోట నల్ల శిలువ ఉంటుంది, అదీ చూపించారు. ఇంజన్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక్క ముక్క లేదు. మన తెలుగు ట్రావెల్ వీడియోలు ఇంకా అన్యాయం. రైలెక్కాం, టన్నెల్ వచ్చింది, మంచు చూశాం, అయిపోయింది. పైన 1901లో కట్టిన పెద్ద ఉక్కు వంతెన ఉంది, 1969 నుంచి దాని మీద రైళ్లు లేవు, ఇప్పటికీ లోయ మీద అలాగే నిలబడి ఉంది. దాన్ని అందరూ ఫోటో తీస్తారు. ఇంజన్ల వైపు చూసేవాళ్లే తక్కువ.

కిందికి వచ్చాక స్కాగ్వే మ్యూజియం పక్కన 195 నంబరు ఇంజన్ దగ్గరికి తీసుకెళ్లాను. సైన్యం తెప్పించిన 11లో ఇదొకటి, బాల్డ్విన్ కంపెనీ వాళ్లు 1943లో చేసింది. నాయన ముందు చక్రాలు లెక్కపెట్టారు. ముందు రెండు, నడుమ ఎనిమిది, వెనక రెండు. "ఇది మన వైజీ లెక్కే గదరా!" అన్నారు. ఆయన షెడ్డులో చూసుకున్నవి వైపీ, వైజీ ఇంజన్లు, అందులో వైజీకి చక్రాల అమరిక ఇదే. చక్రాలను కలిపే సైడ్ రాడ్ మీద చెయ్యి వేసి, గ్రీజు ఎక్కడ పెట్టాలో, బేరింగు వేడెక్కితే ఏ వైపు నుంచి వాసన వస్తుందో అమ్మకు చెప్పడం మొదలుపెట్టారు. అమ్మ కూడా విసుక్కోకుండా విన్నది. ఈ రకం ఇంజన్లే యుద్ధం రోజుల్లో ఇండియా మీటర్ గేజ్ లైన్లకూ చాలా వచ్చాయి. మన రైల్వే వాళ్లు వాటిని మెక్‌ఆర్థర్లు అనేవారు, తరగతి పేరు ఎంఏడబ్ల్యూడీ.

అలాస్కా దాకా వెళ్లలేని వాళ్లకు ఇంకో దారి ఉంది. అట్లాంటా, షార్లెట్ వైపు మనవాళ్లు పిల్లల్ని డాలీవుడ్ పార్కుకి తీసుకెళ్తారు కదా, టెనెస్సీలోని పిజన్ ఫోర్జ్‌లో. అక్కడ ఆవిరితో నడిచే రైలు ఇంజన్లు ఈ వైట్ పాస్ నుంచి వచ్చినవే. అందులో 192 నంబరుది, మా నాయన చెయ్యి వేసిన 195తో పాటు వచ్చిన జతే. నార్త్ కరొలినాలో ట్వీట్సీ పార్కులో 190 ఉంది. నాకు తెలిసినవాళ్లు చాలామంది ఆ రైలెక్కి వచ్చారు, ఇంజన్ ఎక్కడిదని ఒక్కరూ అడగలేదు.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. నది పక్కనున్న ఆ ఇంజన్లను బాగుచేయడమో, రంగు వేయడమో చేయకూడదు. నడిచే ఇంజన్లు నడవాలి, తుప్పు పట్టినవి అక్కడే ఉండాలి. మన దగ్గర స్టేషన్ల ముందు దిమ్మె కట్టి ఇంజన్ పెడతారు. ఏటా పెయింట్ మీద పెయింట్. రివెట్లు పూడిపోయి, బాయిలర్ ప్లాస్టిక్ బొమ్మలా నున్నగా అయిపోతుంది. మా నాయన అలాంటి ఒకదాని ముందు నిలబడి, ఆవిరిని లోపలికి వదిలే వాల్వ్ గేరు తిరగేసి బిగించారని చూపించారు. స్టేషన్లో చెబితే పట్టించుకున్నవాళ్లు లేరు. స్కాగ్వేలో పడి ఉన్న ఇంజన్ ఒళ్లంతా తుప్పే అయినా, ఏ భాగం ఏదో ఫిట్టర్ చదువుకోగలుగుతున్నాడు.

అసలు మన నల్లమల ఘాట్ సంగతే చూడండి. గుంటూరు నుంచి నంద్యాల వెళ్లే మీటర్ గేజ్ లైను మీద, బొగద దగ్గర, 1880లలో కట్టిన దొరబావి వంతెన ఉండేది. 1990లలో బ్రాడ్ గేజ్ చేసినప్పుడు దారి మార్చారు. గర్డర్లు పోయాయి, స్తంభాలు అడవిలో నిలబడి ఉన్నాయి. అక్కడ ఒక్క పాత ఇంజన్‌ను, తుప్పుతో సహా, ఉంచి ఉంటే ఎంత బాగుండేది! వైపీలు, వైజీలు వందల కొద్దీ తుక్కుకు పోయాయి. అక్కడ ఒక్కటి మిగల్చడానికి చోటు లేకపోయిందా?

మీరు వెళ్తే పైకి ఎక్కేటప్పుడు ఎడమ వైపు కూర్చోండి, నది, లోయ ఆ వైపే. శిఖరం దగ్గర ఎలాగూ సీట్లు తిప్పించి అందర్నీ అటూ ఇటూ మార్పిస్తారు. స్టేషన్ వదలగానే ఫోన్ జేబులో పెట్టి బయటి వేదిక మీదికి వచ్చేయండి, ఇంజన్లు కనిపించేది ఊరు దాటే లోపే. పెద్దవాళ్లను తీసుకెళ్తే చెవులు కప్పే టోపీ మర్చిపోవద్దు, ఎండాకాలమైనా పైన గాలి కోస్తుంది. దిగాక ఓడ ఎక్కడానికి టైముంటే, నగల దుకాణాలు మానేసి మ్యూజియం పక్కనున్న 195 దగ్గరికి నడవండి.