ప్రాచీన బాబిలోన్ (ఇప్పటి ఇరాక్ ప్రాంతం) అంకెల్లో 1కీ 60కీ నిజంగా ఒకే గుర్తా?

అవును, రెండింటికీ ఒకే నిలువు మేకు గుర్తు. ఏ స్థానంలో ఉందన్నదాన్ని బట్టే దాని విలువ.

మన లెక్కలో ఎడమకి జరిగేకొద్దీ స్థానం విలువ 10 రెట్లు పెరుగుతుంది, వాళ్ల లెక్కలో 60 రెట్లు. మనకైతే 1 పక్కన సున్నా పెడితే 10 అని తెలిసిపోతుంది. వాళ్లకు మొదట్లో సున్నా లేదు, దశాంశ బిందువు లాంటిదీ లేదు. అందుకే 1, 60, 3600, ఆఖరికి 1/60 కూడా మట్టిపలక మీద ఒకేలా కనిపిస్తాయి. ఏదన్నది లెక్క సందర్భాన్ని బట్టి చదివేవాడే పోల్చుకోవాలి.

అసలు చిక్కు గుర్తుల మధ్య ఎడం దగ్గర వస్తుంది. రెల్లు కలంతో తడిమట్టి మీద రెండు మేకులు పక్కపక్కనే నొక్కితే 2. మధ్యలో కాస్త ఎడం వదిలితే 61. ఆ ఎడంలో ఒక స్థానం ఖాళీ అనుకుంటే 3601! రాసినవాడి చెయ్యి కాస్త ఇరుకైతే చాలు, లెక్క తారుమారు. క్రీస్తుపూర్వం చివరి శతాబ్దాల నాటికి మధ్యలోని ఖాళీకి రెండు ఏటవాలు మేకులు పెట్టడం అలవాటైంది. కానీ సంఖ్య చివర వాటిని పెట్టే అలవాటు లేకపోవడంతో 1, 60ల తికమక అలాగే ఉండిపోయింది.

60 ఆధారం కాబట్టి 60 రకాల గుర్తులు బట్టీ పట్టేవారని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఉన్నవి రెండే: 1కి నిలువు మేకు, 10కి మూలమేకు (‘<’ లాంటి గుర్తు). 59 రాయాలంటే 5 మూలమేకులు, 9 నిలువు మేకులు. అంటే ఒక్కో స్థానం లోపల నడిచేది మన పదుల లెక్కే.