ముల్లర్ ఎప్పుడు మిల్లర్ అయ్యాడు?

అమ్మాయీ,

నువ్వు పంపిన అధ్యాయాలు చదివాను. ఫిలడెల్ఫియా రేవులో దిగిన ఆ జర్మన్ కుటుంబం మీద నీకున్న ఇష్టం ప్రతి పేజీలోనూ తెలుస్తోంది. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

ముందు, న్యూయార్క్ రేవులో వలస వచ్చినవాళ్లను తనిఖీ చేసిన ఎల్లిస్ ఐలాండ్ కేంద్రంలో గుమస్తా ముల్లర్‌ని మిల్లర్‌గా మార్చేసే సీన్ తీసెయ్. ఎల్లిస్ ఐలాండ్ తెరిచిందే 1892లో, నీ కథేమో 1740లలో నడుస్తోంది. పైగా అక్కడివాళ్లు పేర్లు మార్చేవాళ్లు కాదు. ఓడ బయల్దేరిన రేవులో తయారైన జాబితానే చూసుకునేవాళ్లు. ఇంటిపేరు మారడానికి తరాలు పట్టేది. చర్చి రిజిస్టర్లో ఒకలా, పన్ను లెక్కల్లో ఇంకోలా ఉండేది. హూబర్లు అలాగే హూవర్లయ్యారు. అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ ఆ వంశం వాడే. జర్మన్‌లో జిమ్మర్‌మన్ అంటే వడ్రంగి, అందుకే కొందరు జిమ్మర్‌మన్లు ఏకంగా కార్పెంటర్లయ్యారు.

1727 నుంచి ఫిలడెల్ఫియాలో దిగిన జర్మన్ మగవాళ్లు, పదహారు దాటినవాళ్లు, బ్రిటన్ రాజుకు విధేయులమని ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. ఓడ కెప్టెన్ ఇచ్చిన జాబితాలో పేర్లు చెవికి వినబడినట్టు ఉంటాయి. సంతకం మాత్రం ఆ మనిషి చేతిరాత. రాయడం రానివాడు గుర్తు పెడితే పక్కన గుమస్తా పేరు రాసేవాడు. రెండూ దొరికితే సంతకాన్నే నమ్ము. రైన్ ప్రాంతపు పాలటినేట్ యాసలో బ-ప, డ-ట, గ-క కలిసిపోతాయి కాబట్టి గెర్బర్ కోసం కెర్బర్ దగ్గరా వెతుకు.

నీ కథానాయిక ఆ జాబితాల్లో దొరకదు, ఆడవాళ్లు సంతకం పెట్టలేదు. చర్చి రిజిస్టర్లో దొరకొచ్చు. అక్కడ ఆడవాళ్ల ఇంటిపేరు చివర 'ఇన్' చేర్చేవాళ్లు. ముల్లరిన్ అని కనిపిస్తే వేరే కుటుంబం అనుకోకు.

ఇక పిల్లల పేర్లు. నీ కథలో తండ్రి కొడుకులందరినీ యోహాన్ అనే పిలుస్తాడు. ఆ ఇంట్లో అలా పిలిస్తే ఎవరూ తల తిప్పరమ్మా. యోహాన్ గేఓర్గ్, యోహాన్ పేటర్ అని బాప్తిస్మం ఇచ్చినా, పిలిచేది రెండో పేరుతోనే. మన ఇళ్లలో పెట్టిన పేరు ఒకటి, పిలిచే పేరు ఒకటి ఉంటాయే, అలాగ. యోహాన్నెస్ మాత్రం విడిగా ఒక పేరు. అతన్ని ఇంట్లో హాన్స్ అంటారు. ఒకే తల్లికి ఇద్దరు కాతరీనాలు కనబడితే కంగారుపడకు. మొదటి పాప పోయాక మళ్లీ పుట్టిన పాపకు అదే పేరు పెట్టడం మామూలే. నీ కథకు ఇంతకన్నా బరువైన సంగతి దొరకదు, దాన్ని ఒక వాక్యంలో దాటేయకు.

బిడ్డకు తరచూ జ్ఞాన తల్లిదండ్రుల, అంటే బాప్తిస్మంలో సాక్షులుగా నిలిచేవాళ్ల, పేరే పెట్టేవాళ్లు. వాళ్లు చాలాసార్లు బంధువులో, సొంతూరివాళ్లో అయ్యుండేవాళ్లు. ఇంటిపేరు స్పెల్లింగ్ దగ్గర దారి మూసుకుపోయినప్పుడు వాళ్ల వెంట వెళ్లు. నీ బాప్తిస్మం సన్నివేశంలో వాళ్లు అసలు లేరు. ఎవరో తేల్చుకుని ఆ అధ్యాయం తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
మాస్టారు