పేనుకొరుకుడుకు విటమిన్ ఎ మాత్రలా?

ప్రశ్న: మా అమ్మాయికి 26 ఏళ్లు, పోయిన మాఘంలో పెళ్లయింది. నెత్తి మీద రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడింది. పేనుకొరుకుడు అన్నారు డాక్టరు. విటమిన్ ఎ పెడితే ఎలుకలకు జుట్టు పెరిగిందని మా మరిది చదివి, 25,000 యూనిట్ల మాత్రలు తెచ్చాడు. రోజుకొకటి వెయ్యొచ్చా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: వద్దమ్మా, మొదలుపెట్టి ఉంటే వెంటనే మాన్పించండి. పశువైద్యం చదివి, ఉద్యోగమంతా ప్రయోగశాల చుంచెలుకల మధ్యే చేశాను. మీ మరిది చదివింది అబద్ధం కాదు, సగమే చదివారు.

సీ3హెచ్ అనే జాతి చుంచులకు అచ్చం పేనుకొరుకుడే వస్తుంది. ఒంట్లోని రక్షణ కణాలే పెరుగుతున్న వెంట్రుకల కుదుళ్ల మీద పడతాయి. 2013లో అమెరికా పరిశోధకులు వీటికి రకరకాల మోతాదుల్లో విటమిన్ ఎ పెట్టి చూశారు. ఎక్కువ తిన్నవాటిలో ఎక్కువ కుదుళ్లు పెరిగే దశలోకి వచ్చిన మాట నిజమే. కానీ జబ్బు కూడా వాటికే త్వరగా ముదిరింది! దాడి జరిగేది పెరిగే కుదుళ్ల మీదే కదా. అలాగని అసలు పెట్టకపోతే మేలా అంటే, అదీ కాదు. విటమిన్ ఎ అసలు అందని వాటి జబ్బే చివరికి మరీ తీవ్రమైంది. ఈ విటమిన్ వెంట్రుక ఎప్పుడు పెరగాలో చెప్పడంతో ఆగదు, రక్షణ కణాలనూ నడిపిస్తుంది.

ఇక పుట్టుకతో వచ్చే జన్యువుల సంగతి. అదే గదిలో అదే మేత తినే సీ57 అనే వేరే జాతి నల్ల చుంచులకు ఈ జబ్బు రాదు. మనుషుల్లోనూ ఇది కొన్ని కుటుంబాల్లో కనిపిస్తుంది. అయినా ఒకే పోలికతో పుట్టిన కవలల్లో ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోవచ్చు. జన్యువులొక్కటే తేల్చే విషయం కాదది.

మన జాతీయ పోషకాహార సంస్థ లెక్కన ఆడవాళ్లకు రోజుకు 840 మైక్రోగ్రాములు చాలు, 3,000 దాటకూడదు. మీ మరిది తెచ్చిన ఒక్క మాత్రలోని 25,000 యూనిట్లంటే 7,500 మైక్రోగ్రాములు. అది ఎక్కువైతే జుట్టు ఇంకా రాలుతుంది, కాలేయం చెడుతుంది. గర్భం వస్తే బిడ్డకు అవయవలోపాలు రావచ్చు, నా భయమంతా అదే. ఇప్పటికే మింగి ఉంటే ఎన్నాళ్లు, ఎన్ని అన్నది స్త్రీల డాక్టరుకు దాచకుండా చెప్పండి. మునగాకు, తోటకూర, బొప్పాయి ఎంతైనా తిననివ్వండి, వాటితో ఈ ప్రమాదం లేదు.

ఒక్క మచ్చే అయితే చాలామందికి ఏడాదిలోపు దానంతటదే మొలుస్తుంది. కొత్త మచ్చలు లేస్తే చర్మ వైద్యుల దగ్గర ఆ చోట వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి.